కంపెనీ మక్కన్

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో అనంతపద్మనాభం గారి ఇంటి ముందుగదిలో షారోన్ నేల మీద కూర్చుని, చిన్న త్రాసును సున్నాకు తెచ్చి, మొదటి డబ్బాను దాని మీద పెట్టింది. సగం పైగా మిగిలే ఉంది.

"అయ్యగారూ, మీరు మళ్ల తినలేదు."

ఎదురుగా కుర్చీలో కూర్చున్న పెద్దాయన నవ్వాడు. పొద్దుటి ఆరాధన ముగించుకుని అప్పుడే గుడి నుంచి వచ్చాడు. నుదుటి మీద తిరుమణి నామం ఇంకా తడి ఆరలేదు. "ఏం జెయ్యమంటవు బిడ్డా. నెయ్యి వాసన లేని మెతుకు నాకు గొంతు దిగది. గుండె డాక్టరు తిట్టిండని ఏదో నాలిక్కి రాసుకుంటున్న. నా సంగతి ఇడిసిపెట్టు, మా కోడలి డబ్బా జూడు. అద్దం లెక్క ఉంటది."

రెండో డబ్బా నిజంగానే అలా ఉంది. చెంచాతో గీకి, అంచులు కూడా వేలితో తీసినట్టు శుభ్రంగా ఉంది.

ఒక కంపెనీ కొలెస్ట్రాల్ తగ్గించే మక్కన్, వెన్న లాంటిది, ఒకటి తయారుచేసింది. మొక్కల నుంచి తీసిన స్టెరాల్స్ అనే పదార్థం అందులో కలుపుతారు. రోజూ రొట్టెకు పూసుకుని తింటే రక్తంలో ఏది తగ్గుతుందో, ఏది పెరుగుతుందో చూసే పనిని నగరంలోని ఒక పరిశోధన సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ తరఫున పాతబస్తీలో ఇల్లిల్లూ తిరిగేది షారోన్. పదిహేను రోజులకోసారి కొత్త డబ్బాలు ఇచ్చి, పాతవి తూచి, అవసరమైనప్పుడు రక్తం తీసుకుపోతుంది. ఉప్పుగూడలో అందరూ దాన్ని కంపెనీ మక్కన్ అనే అంటారు.

వంటింట్లోంచి గిన్నె కింద పడిన చప్పుడు వచ్చింది. కోడలు గోదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.

"పొద్దుగాల్నుంచి గట్లనే ఉన్నది. పిత్తం చేసినట్టున్నది," అన్నాడు పెద్దాయన. "జర పోయి చూడు బిడ్డా."

షారోన్ చెంబుతో నీళ్లు తీసుకుని వెళ్లింది. గోదా బట్టలుతికే బండను పట్టుకుని వంగి ఉంది. వీపు నిమిరితే ఎముకలు చేతికి తగిలాయి. నోరు పుక్కిలించి, ముఖం కడుక్కుని, గోదా లేచి నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"పిత్తం గాదు షారోన్," అంది మెల్లగా. "నాలుగో నెల."

షారోన్ చేతిలో చెంబు ఒరిగి నీళ్లు కాళ్ల మీద పడ్డాయి.

"ఎవ్వరికీ చెప్పకు. ఆయనకు ఒక్కరికే తెలుసు. రెండుసార్లు ముందుగాల్నే చెప్పుకున్నం, రెండుసార్లు పోయినయి. ఐదో నెల పడ్డంక మామయ్యకు చెప్దామనుకున్నం. నువ్వు చూసినవు గనక నీకు చెప్తున్న." గోదా ఆమె మణికట్టు పట్టుకుంది. "ఏంది గట్ల చూస్తున్నవ్? సంతోషం లేదా?"

"ఉన్నది అక్కా. మస్తు సంతోషం," అంది షారోన్. 

ఈ మక్కన్ కడుపుతో ఉన్నవాళ్లు తినకూడదు. పిల్లకు పాలిచ్చేవాళ్లూ తినకూడదు. అందుకే ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఆడవాళ్లను ముందు నెలసరి గురించి అడగాలి. అది షారోన్ పని. మొదటిసారి ఈ ఇంట్లో అడిగినప్పుడు పెద్దాయన అదే కుర్చీలో ఉన్నాడు. ఆయన తల తిప్పుకున్నాడు. గోదా ముఖం ఒక్కసారిగా నల్లబడింది. రెండు కాన్పులు పోయిన మనిషిని పదిహేను రోజులకోసారి, మామగారి ఎదుట ఆ మాట అడగడం షారోన్‌కు చేతకాలేదు. ఆ తర్వాత అడగలేదు. కడుపుతో లేదనే అనుకుని పోతూ వచ్చింది.

ముందుగదిలోకి వచ్చి సంచిలోంచి కొత్త డబ్బాలు తీసింది. కొత్త డబ్బా ఇవ్వాలా వద్దా? పెద్దాయన చెయ్యి చాపాడు. ఇవ్వకపోతే ఎందుకని అడుగుతాడు. రెండు డబ్బాలూ ఆయన చేతిలో పెట్టి బయటపడింది. రైలు పట్టాల దాకా నడిచాక గానీ తను చేసిన పని ఆమెకు అర్థం కాలేదు. తెలిసి తెలిసి ఇప్పుడే ఇంకొకటి ఇచ్చి వచ్చింది.

సంస్థ ఆఫీసు సంతోష్‌నగర్ వైపు ఒక మేడ మీద ఉంది. మాధవ్ రక్తం గొట్టాలకు వెండిరేకు చుడుతున్నాడు. పాతబస్తీ పనంతా చూసుకునేది అతనే. కెరోటిన్ కొలవవలసిన రక్తానికి వెలుతురు తగలకూడదు, తగిలితే అది చెడిపోతుంది. అందుకే వాటికి రేకు.

ఆ రేకు సంగతి షారోన్‌కు డాక్టర్ వాగ్దేవి చెప్పింది. పరిశోధన నడిపే ఆవిడ ఒకసారి అందరినీ కూర్చోబెట్టి వివరించింది. క్యారెట్‌లో, గుమ్మడిలో, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది. రక్తంలో అది ఒంటరిగా తిరగదు, కొలెస్ట్రాల్‌ను మోసే బండ్లలోనే ఎక్కి తిరుగుతుంది. ఈ మక్కన్ కొలెస్ట్రాల్‌ను పేగులోనే అడ్డుకుంటుంది. బండ్లు తగ్గితే ఎక్కేవీ తగ్గుతాయి. విటమిన్ ఇ కూడా కొంత అంతే. కూరగాయలు, పళ్లు బాగా తినేవాళ్లకు పెద్దగా తేడా రాదు, తిననివాళ్లకు వస్తుంది. అని చెప్పి, "తినమని చెప్పండి, మీ నోటితో మీరు చెప్పండి," అని రెండుసార్లు అంది.

గోదా ఈ మధ్య ఏం తింటోంది? వాంతులతో ఏదీ నిలవని మనిషి. ఎండు రొట్టె, దాని మీద మక్కన్.

"మాధవన్నా," అంది షారోన్. "ఉప్పుగూడ గోదక్క కడుపుతోని ఉన్నది."

అతని వేళ్లు ఆగాయి. లేచి తలుపు మూసి వచ్చాడు.

"ఎన్నో నెల?"

"నాలుగు."

"ఎవరెవరికి చెప్పినవ్?"

"మీకే."

మాధవ్ కుర్చీలో కూర్చుని అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "సోమవారం ఆఖరి రక్తం. మూడు దినాలు. తీసుడు అయినంక ఆమెను మెల్లగ పక్కకు పెడదాం. ఇప్పటికే ఇద్దరు ఆడోళ్లు మధ్యలనే మానేసిండ్రు. ఇంకొకరు మానేస్తె పాతబస్తీ లెక్క మొత్తం పనికిరాదంటరు. మనందరి నౌకరీ పాయె."

"అన్నా, ఆ మూడు దినాలు గూడ తింటది గద."

"ఇన్ని దినాలు తిన్నది, ఏమైంది? మక్కనే గద, జహర్ గాదు." అని, గొంతు తగ్గించాడు. "నువ్వు పోయిన ప్రతిసారి అడిగినవు గద?"

షారోన్ బల్ల మీది రేకు ముక్కను మడత పెట్టింది.

మాధవ్‌కు అర్థమైంది. కోపం కన్నా ఎక్కువగా అతని ముఖంలో ఉన్నది దిగులే. "ఇగో, ఇను. నువ్వు అడిగినవ్. ఆమె లేదన్నది. అంతే. అబద్ధం చెప్పింది ఆమె. గట్ల గాదు, నేను అడగనే లేదంటవా, అప్పుడు ఆమెకు ఏమన్న అయితె మెడకు పడేది నీకే. నాకు గాదు. సమజైందా?"

జహనుమా బస్తీలో తన ఇంటికి షారోన్ చేరేసరికి తల్లి సుందరమ్మ పప్పులో పోపు పెడుతోంది. అన్నం ముందు కూర్చుని షారోన్ ముద్ద కలిపింది, నోటి దాకా తెచ్చింది, దించింది.

"ఎవరన్న ఏమన్న అన్నరా?" అంది తల్లి.

"లే."

"మరి ముఖమేంది గట్లున్నది?"

"తలనొస్తుంది అమ్మా."

పడుకున్నా కళ్లు మూతపడలేదు. నాలుగో నెల అంటే ఎంతుంటుంది? అరచేతిలో పట్టేంత. దానికి కళ్లు ఏర్పడుతున్నాయా? కెరోటిన్ అంటే కళ్లకని బడిలో గోడ మీద బొమ్మ ఉండేది. ఫోన్‌లో వెతికింది. ఒకచోట ఏమీ కాదన్నారు, ఒకచోట గర్భిణులు తినరాదన్నారు, ఎందుకో చెప్పలేదు.  ఫోన్ బోర్లా పెట్టేసింది.

శనివారం పొద్దున్నే మళ్లీ ఉప్పుగూడ వెళ్లింది. నిజం చెప్పాలనే బయల్దేరింది. సందు మలుపులో ధైర్యం పోయింది. గోదా తలుపు తీయగానే నోటికి వచ్చింది వేరే మాట.

"అక్కా, నిన్న ఇచ్చిన డబ్బాలు వాపస్ తీస్కుంటున్నం. ఆ బ్యాచ్‌ల ఏదో కంప్లైంట్ వచ్చింది. ఇంక తినకుండ్రి."

షారోన్ అనుకున్నదొకటి. డబ్బా వెనక్కి వస్తుంది, ఆమె తినడం ఆగుతుంది, అంతటితో సరిపోతుందని. గోదా ముఖంలోంచి రక్తం దిగిపోవడం చూశాక తెలిసింది, తనెంత తప్పు మాట అన్నదో.

"కంప్లైంట్ అంటె? ఏం కలిసింది అండ్ల?"

"ఏం లేదక్కా, ఊరికె..."

"రాత్రి తిన్న నేను. పొద్దున గూడ తిన్న." గోదా చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. "ఎవరికన్న ఏమన్న అయిందా? కడుపు నొప్పా? నిజం చెప్పు షారోన్."

"ఎవరికీ ఏం గాలే. ఫికర్ చెయ్యకుండ్రి."

"ఫికర్ చెయ్యొద్దంటవు, డబ్బా ఎందుకు గుంజుకపోతున్నవు?"

లోపలి నుంచి పెద్దాయన దగ్గు వినిపించింది. గోదా గొంతు అక్కడే ఆగిపోయింది. గడప మీద నిలబడి, షారోన్ సంచిలో పెట్టుకుంటున్న డబ్బానే చూస్తూ ఉండిపోయింది. వీధి చివర వెనక్కి తిరిగి చూస్తే ఇంకా అక్కడే ఉంది.

ఆదివారం చర్చిలో ప్రార్థనకు మోకరించింది గానీ షారోన్‌కు మాటలు రాలేదు. ఇంటికొచ్చి బట్టలు మడత పెడుతుంటే మధ్యాహ్నం ఫోన్ మోగింది. గోదా పేరు చూసి చేతిలో బట్ట వదిలేసి ఎత్తింది.

"షారోన్, నువ్వు రావాలె." ఊపిరికీ ఊపిరికీ మధ్య మాటలు. "కొంచెం రక్తం కనపడ్డది. ఆయన, మామయ్య గుడిల కల్యాణానికి పోయిండ్రు, ఫోన్లు ఎత్తుతలేరు. నాకు భయమైతుంది."

తర్వాత జరిగింది షారోన్‌కు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పట్టాల దగ్గర ఆగిన ఆటో, "భయ్యా జల్దీ చలో" అని తను అరవడం. వెనక సీట్లో గోదా కాళ్లు దగ్గరగా ముడుచుకుని, ప్రతి గతుకుకీ కళ్లు మూసుకోవడం. ఆసుపత్రి మందిలో వరుస దాటించి తోసుకుపోతే ఎవరో తిట్టడం. స్కానింగ్ గది తలుపు మూసుకున్నాక మాత్రం అంతా ఒక్కసారి నిలిచిపోయింది. గోడకు వేసిన బెంచీ మీద ఇద్దరు నిండు గర్భిణులు ఒకే బత్తాయి పంచుకుని తింటున్నారు. షారోన్ నిలబడే ఉంది.  తను మూడుసార్లు తప్పు చేసిందని అనుకుంటోంది. అడగకపోవడం ఒకటి, తెలిసీ డబ్బా ఇవ్వడం ఒకటి, నిన్నటి అబద్ధం ఒకటి. వీటిలో ఏది ఈ రక్తం తెచ్చిందో.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ నడివయసు మనిషి, కళ్లద్దాలు తల మీదికి తోసుకుని ఉంది. "ఆమె తరఫున ఎవరమ్మా? నువ్వా? లోపలికి రా."

గోదా మంచం మీద పడుకుని పైకప్పు వైపు చూస్తోంది.

"బిడ్డ గుండె కొట్టుకుంటుంది, బాగున్నది," అంది డాక్టరమ్మ. "మాయ జర కిందికి ఉన్నది. దాని వల్ల గిట్ల కనపడ్తది ఒక్కోసారి. నెలలు పెరుగుతుంటె చాలామందికి అదే పైకి పోతది. అప్పటిదాక బరువులు ఎత్తొద్దు, పండుకోవాలె." కాగితం మీద రాస్తూ అడిగింది. "ఏమన్న మందులు వాడుతున్నవా అమ్మా?"

గోదా నోరు తెరవకముందే షారోన్ మాట్లాడింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని ఆమెకు తెలుసు.

"మందులు కావు మేడమ్. కొలెస్ట్రాల్ తగ్గే మక్కన్. కడుపుతోని ఉన్నోళ్లు తినొద్దు. నేనే ఇచ్చిన. అడగాల్సి ఉండె, అడగలే. నిన్న బ్యాచ్ ఖరాబైందని చెప్పింది గూడ అబద్ధం. బ్యాచ్‌కు ఏం గాలే. ఆమెతోని ఎట్లనన్న బంద్ చేయిద్దామని అట్ల చెప్పిన."

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు దగ్గర గోదా భర్త సంకేత్, అతని వెనక పట్టుపంచెతోనే పెద్దాయన. గోదా ఆటోలోంచి పెట్టిన మెసేజ్ చూసి వచ్చారు; ఎప్పుడు వచ్చారో, ఎంత విన్నారో తెలియదు. షారోన్‌కు ఆగాలనిపించలేదు. వాళ్ల వైపు తిరిగి అదే మాట ఇంకోసారి చెప్పింది.

సంకేత్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నీకు దిమాగ్ ఉన్నదా? రెండు పోయినయి మాకు. తెలుసు నీకు. తెలిసి..." గోదా మంచం వైపు చూశాడు.

డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది. "లొల్లి వద్దు ఇక్కడ. ఈ రక్తం దానితోని వచ్చిందని నేను అనను. మాయతోని వచ్చింది. ఆ మక్కన్ మాత్రం బంద్ చెయ్యాల్సిందే. గుమ్మడికాయ, క్యారెట్, పాలకూర, తోటకూర, ఏది నిలుస్తె అది, జర నెయ్యి వేసి తినిపియ్యుండ్రి."

"ఆమెను అనకుండ్రి."

అన్నది గోదా. మోచేతి మీద లేవబోతే డాక్టరమ్మ ఆపింది. మళ్లీ పడుకుని, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"నాకు తెలుసు. మొదటిరోజే వాగ్దేవి మేడమ్ మా ఆడోళ్లందరికీ చెప్పింది, కడుపుతోని ఉంటె తినొద్దని. తెలిసే తిన్న."

సంకేత్ ఆమె మంచం దగ్గరికి వెళ్లాడు. "ఎందుకు?"

"మా నాన్న ముప్పై తొమ్మిదికి పోయిండు. బస్సు కోసం నిలబడ్డోడు నిలబడ్డట్టే కూలిండు. మీకు జ్వరమని చెప్పినం. గుండె. మా అన్నకు ముప్పైల్నే స్టెంట్ వేసిండ్రు. నాకు గూడ పుట్టుకతోనే ఉన్నది, రక్తంల కొలెస్ట్రాల్ ఎక్కువ. గది మాత్రతోనే ఆగుతదన్నరు. పిల్లలు కావాలంటె ఆ మాత్ర ఆపాలన్నరు, ఆపిన." గోదా గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఆపిన దినం నుంచి రొమ్ముల చిన్నగ గుచ్చినా నాన్న పడిపోయింది యాదికొస్తది. పిల్ల పుట్టినంక నేనుండకపోతె ఎట్ల? నా చేతుల ఉన్నది ఆ మక్కన్ ఒక్కటే. అందుకే గీకి గీకి తిన్న."

తర్వాత షారోన్ వైపు తల తిప్పింది.

"నువ్వు వచ్చిన ప్రతిసారి అడుగుతవేమోనని దడ దడ అనేది. అడగకుండ పోతుంటె నీకు మనసుల దండం పెట్టుకున్న. అడిగితె లేదని చెప్పేదాన్ని షారోన్. కానీ నిన్న నువ్వు డబ్బా తీస్కపోయినంక..." పెదవి కొరుక్కుంది. "నేనే నా బిడ్డకు జహర్ పెట్టిననుకున్న. రాత్రంత గదే."

షారోన్ గుండె తేలిక పడలేదు. తను అడిగినా ఆమె లేదనే చెప్పేది. మాధవ్ చెప్పమన్న అబద్ధం నిజమైపోయేది. అయినా తను అడగలేదు. పెరట్లో, ముందుగదిలో, ఆ డబ్బా మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఒకరికొకరు భయపడుతూ కూర్చున్నారు, ఇన్నాళ్లూ.

పెద్దాయన ఇంతసేపూ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఒక్క మాట అన్నాడు, తనతో తను అన్నట్టు.

"ఎదురుంగ నేను కూసుంటుంటి గద. ఆ పిల్ల ఎట్ల అడుగుతది, ఈ పిల్ల ఎట్ల చెప్తది."

అని బయటికి వెళ్లి, వరండాలో గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

సోమవారం షారోన్ ఆఫీసుకు వెళ్లి, మాధవ్ దగ్గర ఆగకుండా నేరుగా వాగ్దేవి గదిలోకి పోయింది. అద్దం తలుపు అవతల మాధవ్ లేచి నిలబడటం కనిపించింది. ఆమె చెప్పడం మొదలుపెట్టాక అతను కూడా లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. శుక్రవారం అతను అన్న మాట దగ్గరికి వచ్చేసరికి షారోన్ ఒక్క క్షణం ఆగింది. అదీ చెప్పేసింది.

వాగ్దేవి వింటూ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"ఆమె ఒక్కతేనా? మిగతా ఇండ్లల్ల అడిగినవా?"

"కొన్ని ఇండ్లల్ల అడగలే మేడమ్. మగోళ్లు కూసోని ఉన్నకాడ అడగలే."

"మంచిది, చెప్పినవు." మంచిదన్న ముఖం కాదు అది. "ఈరోజు ఎవరి రక్తం తీసుడు లేదు. పని ఆపేస్తున్న. ప్రతి ఆడమనిషికి పరీక్ష చేయించాలె. మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి నేనే చెప్పాలె. నువ్వు ఇంక ఇండ్లకు పోవద్దు షారోన్, వాళ్లు తేల్చేదాక. మాధవ్, నువ్వు గూడ."

బయటికి వచ్చాక మాధవ్ ఆమెను కడిగేస్తాడనుకుంది. అతను బల్ల మీద మిగిలిన రేకు చుట్టను తీసి సొరుగులో పెట్టాడు. రెండుసార్లు సొరుగు మూయబోతే పడలేదు. "నన్ను గూడ ముంచినవ్," అన్నాడు చివరికి. మాటలో వేడి లేదు. "ఇంట్ల ఏం చెప్పాలె నేను?"

షారోన్ తన సంచిలోని త్రాసును తీసి అతని బల్ల మీద పెట్టింది.

"షారోన్," వాగ్దేవి తన సంచి భుజాన వేసుకుని వచ్చింది. "గోదా ఇల్లు చూపియ్యి. పని మీద పోయే మనిషిగ గాదు, ఊరికె తోడు రా."

సందులోకి కారు పోదు. మలుపు దగ్గర దిగి నడిచారు. తలుపు సంకేత్ తీశాడు. షారోన్‌ను చూసి పక్కకు జరిగాడు. ముందుగదిలో పెద్దాయన కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీ పక్కకు మంచం జరిపి గోదాను పడుకోబెట్టారు. వంటింట్లోంచి కుక్కర్ చప్పుడుతో పాటు కత్తిపీట చప్పుడు, పెద్దాయన ఎవరినో ఉప్పు ఎంత వేయాలని ఫోన్‌లో అడగడం వినిపిస్తున్నాయి.

వాగ్దేవి మంచం అంచున కూర్చుంది.

"నేను నీకు లెక్క చెప్పడానికి వచ్చిన గోదా. మొదట తీసిన రక్తం, నడుమ తీసిన రక్తం, రెండు చూసిన. కొలెస్ట్రాల్ కొంత తగ్గింది. కెరోటిన్ దాదాపు నాలుగో వంతు తగ్గింది. కెరోటిన్‌తోని ఒంట్ల తయారయ్యే ఎ విటమిన్ మాత్రం ఉండాల్సినంత ఉన్నది."

"బిడ్డకు ఏమైతది?"

అడిగి, గోదా ఊపిరి బిగబట్టింది. షారోన్ కూడా బిగబట్టింది.

"నాకు తెల్వదు," అంది వాగ్దేవి. "ఏం కాదనే అనుకుంటున్న. తినుడు ఆపినంక మళ్ల పెరుగుతది, కూరగాయలు తింటె ఇంక మంచిది. కానీ కడుపుతోని ఉన్నోళ్ల మీద దీన్ని సరిగ్గ చూసినోళ్లు తక్కువ. తెల్వదు గనకనే తినొద్దంటం. ఏం గాదని నీకు ఒట్టు వేసి చెప్తె అబద్ధమైతది."

గోదా మెల్లగా గాలి వదిలింది. శనివారం నుంచి ఆమె ముఖంలో బిగిసి ఉన్నదేదో కొంచెం సడలడం షారోన్ చూసింది. ఏమీ కాదని అందరూ చెప్పారు, సంకేత్ చెప్పాడు, తనూ చెప్పింది. ఏ మాటా అక్కడిదాకా చేరలేదు.

"మరి నా గుండె మేడమ్?"

"అది నా ఒక్కదానితోని గాదు. నీ గుండె డాక్టరు, కాన్పు డాక్టరు ఒకరితోని ఒకరు మాట్లాడాలె. ఇన్ని దినాలు నువ్వు ఇద్దరి నడుమ ఒక్కదానివే మోసుకుంట తిరిగినవు. ఈ వారంల ఇద్దర్ని నేను కలుపుత. వస్తవా?"

"నేను తీస్కొస్త," అన్నాడు సంకేత్.

వాగ్దేవి సంచిలోంచి సిరంజి తీసింది. "కంపెనీకి గాదు, నీ కోసం. ఇప్పుడు ఎంత ఉన్నదో ఒకసారి చూద్దాం. ఇష్టముంటెనే."

గోదా చెయ్యి చాపింది. వాగ్దేవి వైపు కాదు, షారోన్ వైపు. "నువ్వు తియ్యి. నీది నొప్పి తెల్వది."

షారోన్ వాగ్దేవి వైపు చూసింది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, సిరంజి ఇచ్చింది.

ఎన్ని వందలసార్లు తీసిందో ఆ చేతులతో. ఈసారి నరం దొరకలేదు. మోచేతి వంపులో వేలితో తడిమింది, దూది రాసింది, మళ్లీ తడిమింది.  "పిడికిలి బిగించు అక్కా," అంది. గోదా బిగించింది.  నరం మీదికి వచ్చింది. సూది లోపలికి వెళ్లింది, రక్తం వచ్చింది.

దూది అదిమి పట్టుకున్నాక గోదా అడిగింది.

"ఎప్పుడొస్తది?"

"రెండు మూడు దినాలు పట్టొచ్చు."

"నాకు ఫోన్‌ల చెప్పకు. ఇంటికి వచ్చి చెప్పు."

"ఎవ్వరు లేనప్పుడు వస్త అక్కా."

గోదా తల అడ్డంగా ఊపింది. వంటింటి గుమ్మంలో పెద్దాయన వచ్చి నిలబడ్డాడు, చేతిలో గిన్నె, గుమ్మడి ముక్కల మీద నెయ్యి కరుగుతోంది.

"అందరున్నప్పుడే రా," అంది గోదా. "మామయ్య కుర్చీల ఉన్నప్పుడే చెప్పు. తక్కువ వచ్చినా సరే."

పెద్దాయన గిన్నె కిటికీ గూట్లో పెట్టి, కుర్చీని కోడలి మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.